నొప్పి తెలియని పాదం

నేను రిటైరైన రోజు ఆసుపత్రిలో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పిన పెద్దమనిషి నేను ఏ వార్డులో పనిచేశానో పక్కనున్నవాడిని అడిగి, మైకు ముందు "ప్రసూతి వార్డులో ఎందరో తల్లులకు సేవ చేసిన సోదరి" అన్నాడు. నా ఉద్యోగం దాదాపు అంతా క్యాజువాలిటీలోనే గడిచింది. తప్పు దిద్దుదామని లేచాను. "కూర్చోండి సిస్టర్, ఫొటో తీస్తున్నారు" అన్నారు. ఆ ఫొటో చూసినవాళ్ళు నేను ఏడుస్తున్నాననుకుంటారు. ఏడుపు కాదు, కోపం.

ఎప్పుడో జరిగినవి మనసులో పెట్టుకుంటానని నాకు పేరుంది. నిజమే, పెట్టుకుంటాను. మరిచిపోయేవాళ్ళు మళ్ళీ అదే తప్పు చేయడం నేను చాలాసార్లు చూశాను.

మాది కళ్యాణదుర్గానికీ ఉరవకొండకూ మధ్యలో ఒక మండల కేంద్రం. ఊరి పేరు చెప్పను. ఇంకా అక్కడ పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారు. వాన పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. బోరు మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, చేనుకు కొట్టే మందు తాగినవాళ్ళు, ట్రాక్టరు కింద పడినవాళ్ళు అందరూ మా దగ్గరికే వచ్చేవారు. నర్సింగు చదివి కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు "క్యాజువాలిటీ ఎట్లుంటాది మేడం?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. జీతాల సంగతి, బదిలీల సంగతి ఇందులో ఉండవు.

చెప్పులు విప్పించిన డాక్టరు

నా మొదటి డాక్టరు నోరు మంచిది కాదు. చేయి మాత్రం మంచిది. చేరిన కొత్తలో జ్వరంతో ఒక రైతు వచ్చాడు. చలిజ్వరం అనుకుని మంచం ఇచ్చి, ఒళ్ళు చూసి, సూది మందు సిద్ధం చేసుకున్నాను. రైతు ఎడమ పాదానికి పాత పంచె ముక్క చుట్టుకుని ఉన్నాడు. డాక్టరు వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"ఏమమ్మా, ఈయప్పకు ఒళ్ళు మోకాలు కాడికే ఉండాదా?"

"కాలికి గుడ్డ కట్టుకున్నాడు సార్."

"గుడ్డ నాకూ కనపడతాంది. గుడ్డ కింద ఏముండాదో సూసినావా? చీర సింగారం సూపించేదానికి వచ్చినావా ఈడికి?"

వార్డులో అందరూ విన్నారు. స్వీపరు కూడా నవ్వింది. గుడ్డ విప్పితే బొటనవేలు సగం లేదు. పురుగులు పట్టి ఉంది. అతనికి షుగరు ఉన్నట్టు అతనికే తెలియదు. "ఏమప్పా, నొప్పి లేదా?" అని అడిగితే, "నొప్పుంటే అప్పుడే వస్తాంటిని గదా సామీ" అన్నాడు.

డాక్టరు చెప్పింది సత్యం. ఆ రోజు నుంచి నేను చూసిన ప్రతి రోగి చేతా చెప్పులు విప్పించాను, కాలికున్న గుడ్డ విప్పించాను, వేళ్ళ సందుల్లో చూశాను. మీరూ అదే చేయండి. కాళ్ళు చూడని నర్సు రోగిని చూడనట్టే. కానీ ఆ రోజు నేను కట్టుకున్నది ఆసుపత్రి వాళ్ళిచ్చిన తెల్ల చీర. దాన్ని సింగారం అన్నందుకు ఆయన రిటైరైన రోజు సభకు నేను పోలేదు. ఎందుకు రాలేదని ఎవరో అడిగితే కారణం కూడా చెప్పాను.

షుగరు ఉన్నవాళ్ళకు చక్కెర

మా పక్క జనం చేసే ఒక తప్పు ఎన్ని ప్రాణాలు తీసిందో లెక్కపెట్టినవాళ్ళు లేరు. షుగరు ఉన్న మనిషి కళ్ళు తిరిగి పడిపోతే "షుగరు ఎక్కువైంది" అంటారు. తగ్గి పడిపోతారని ఎవరికీ తోచదు. జబ్బు పేరే షుగరు అయినప్పుడు, ఆ మనిషి నోట్లో చక్కెర వేయడమంటే విషం వేసినట్టే అనుకుంటారు.

హనుమక్క అనే ముసలామె శనివారం ఒక్కపొద్దు ఉండేది. పొద్దున మాత్ర మింగేది, అన్నం మాత్రం పొద్దు గూకినాకే. ఆ శనివారం కలుపు తీస్తూ చేన్లో పడిపోయింది. కొడుకు, కోడలు ఆటోలో వేసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, పళ్ళు బిగుసుకుపోయాయి. మూతి చుట్టూ పచ్చగా ఏదో కారి ఎండిపోయి ఉంది.

"ఏం తాపినారు?" అన్నాను.

"కాకరకాయ రసం మేడం. షుగరెక్కి పడిపోయింది గదా, దిగుతాదని తాపితిమి" అన్నాడు కొడుకు.

"పొద్దున ఏం తినింది?"

"ఒక్కపొద్దు గదా, ఏం తినలేదు. మాత్ర మాత్రం మరిచిపోదు మేడం, శానా నియమం మనిషి" అంది కోడలు, మెచ్చుకుంటున్నట్టు.

ఆ నెలంతా మా దగ్గర షుగరు చూసే స్ట్రిప్పులు లేవు. ఎందుకు లేవని అడిగి అడిగి నాకు చెడ్డపేరు వచ్చింది. స్ట్రిప్పు లేకపోయినా డ్యూటీ డాక్టరూ నేనూ ఆగలేదు. గ్లూకోజు నరంలోకి ఎక్కించాం. ఎక్కువగా ఉన్నవాళ్ళకు కొంచెం గ్లూకోజు ఎక్కినా ఆ గంటలో ప్రాణం పోదు. తక్కువగా ఉన్నవాళ్ళకు ఎక్కించకపోతే పోతుంది. అనుమానమొస్తే చక్కెర వైపే మొగ్గండి. మింగగలిగితే నోట్లో, మింగలేకపోతే నరంలో. స్పృహ లేని మనిషి నోట్లో కాకర రసమే కాదు, ఏదీ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

హనుమక్క బతికింది. కానీ చాలాసేపు మెదడుకు చక్కెర అందలేదు. కళ్ళు తెరిచిందేగానీ కొడుకును గుర్తుపట్టలేదు, తర్వాత కూడా ఎప్పుడూ గుర్తుపట్టలేదట. ఆ కొడుకు సూపరింటెండెంటు దగ్గరికి పోయి, "షుగరు పేషెంటుకు సిస్టరమ్మ గ్లూకోజు ఎక్కించె సార్, అందుకే మా యమ్మ ఇట్లయింది" అని చెప్పాడు. గ్లూకోజు రాసిన డాక్టరు పేరు ఎత్తలేదు. సూపరింటెండెంటు నన్ను పిలిచి, "పెద్దది చేయొద్దు సిస్టర్, సారీ చెప్పేయండి, పోతారు" అన్నాడు. నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. నేనూ ఆయనకు నమస్కారం పెట్టడం మానేశాను.

ఇంట్లో రోగి

మా ఆయన పేరు కుళ్ళాయప్ప. పిల్లలు నిలవని మా అత్త పీర్ల సామి కుళ్ళాయప్పకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. మా పక్క హిందువుల ఇళ్ళలో ఆ పేరు మామూలే. మా టౌనులో బోరు మోటార్లకు వైండింగు చేసే అంగడి ఆయనది. బోర్లలో నీళ్ళు తగ్గేకొద్దీ మోటార్లు కాలిపోతాయి, మోటార్లు కాలేకొద్దీ ఆయనకు పని. ఎండాకాలంలో ఆయన కడుపు నిండా అన్నం తిన్న రోజులు తక్కువ. తినకపోవడం, తర్వాత ఒకేసారి తినడం, మధ్యలో చక్కెర వేసిన టీలు. షుగరు ఎప్పుడు మొదలైందో మాకు తెలియదు. నేను కనిపెట్టేసరికే పాతబడింది.

ఆసుపత్రిలో నా మాటకు విలువ ఉండేది. ఇంట్లో మొగుడి ముందు అదే మాట సణుగుడు అయ్యేది. సంగటి ముద్ద చిన్నది చేస్తే "ఇది సంగటా, సీకాయ ఉండా?" అనేవాడు. అంగడి దగ్గర టీ తాగి వచ్చి తాగలేదనేవాడు. మీసానికి అంటిన మీగడ చూపిస్తే, "నువ్వు ఆసుపత్రిలో సిస్టరువి. ఈడ కాదు" అనేవాడు. ఇన్సులిను పొద్దున నేను వేసి పోయేదాన్ని. సాయంత్రం సూది ఆయనే వేసుకోవాలి. వేసుకున్నానంటాడు. సీసాలో మందు తగ్గి ఉండదు.

మొదట్లో ఆయనకు అరికాళ్ళు మండేవి. అంగడిలో గోనెసంచి తడిపి కాళ్ళ కింద వేసుకుని పనిచేసేవాడు. కొన్నేళ్ళకు ఒక రోజు సంతోషంగా ఇంటికొచ్చాడు.

"మంటలు పోయినాయే! అస్సలు లేవు. నీ మాత్రలకు కాదు, సామి దయ."

ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, అరికాలి మీద దూది రాశాను, అగ్గిపుల్లతో గీశాను. "ఎప్పుడు మొదలుపెడతావు?" అని అడిగాడు. అప్పటికే నేను రెండు పాదాలూ పూర్తి చేశాను. నరాలు చచ్చిపోయాయని చెప్పాను. ఇక నుంచి గాజుపెంకు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదని, చెప్పులు లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దని చెప్పాను.

"నొప్పి లేకపోవడం కూడా జబ్బేనా? మీ ఆసుపత్రోళ్ళకు దేంట్లో అయినా జబ్బే కనపడతాది" అని నవ్వాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. షుగరు రోగి మంటలు పోయాయని సంతోషంగా చెబితే మీరు సంతోషించొద్దు. కాళ్ళు చూడండి.

మా బావ, ఖాసిం సాబు

మా అత్తగారి ఊళ్ళో పీర్ల పండగ పెద్దది. పీర్ల చావిడి ముందు గుండం తవ్వి కట్టెలు కాలుస్తారు. ఆఖరు రోజు తెల్లవారేవేళకు పీర్లు ఎత్తుకున్నవాళ్ళు ఆ నిప్పుల మీద నడుస్తారు. వాళ్ళ వెనక మొదట అడుగు పెట్టే హక్కు మా ఆయన వాళ్ళ ఇంటిది. ముందు మా మామ నడిచాడు, తర్వాత మా ఆయన అన్న, మా బావ సంజీవప్ప. బావకు మోకాళ్ళు పోయాక ఆ హక్కు మా ఆయనకొచ్చింది. మిగతావాళ్ళు ఉరుకుతారు, మా ఆయన కూడా ఉరికేవాడు. పాదాలకు బొబ్బలు వచ్చేవి, పోయేవి. అవి నరాలు బాగున్న రోజులు.

ఆ ఏడు నేను పండగకు ముందే ఊరికి పోయాను. మా బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన కాళ్ళలో స్పర్శ లేదని, ఈసారి నడవకూడదని చెప్పాను.

"ఏమ్మా, ఆసుపత్రిలో సూదులేసుకుంటే వేసుకో. సామికీ మాకూ నడుమ నువ్వెందుకు అడ్డం పడతావు?" అన్నాడు బావ. "వాడు నడవకపోతే ఆ హక్కు పక్కింటోళ్ళకు పోతాది. ఆ తలవంపులు నీకేం తెలుసు?"

"కాలు పోతే ఎవరికి తలవంపులు బావా?"

"శుభమా అని పండగ పూట కాలు పోతాదంటావా? నోట్లో ఏం పెట్టుకోని పుట్టినావమ్మా నువ్వు!"

అక్కడి నుంచి చావిడికి పోయాను. పీర్లను చూసుకునే ముజావర్ ఖాసిం సాబు వాటికి గుడ్డలు చుడుతున్నాడు. పెద్దాయన. నేను చెప్పింది మొత్తం విన్నాడు.

"జబ్బుతో ఉండే మనిషిని నిప్పుల్లో దిగమని సామి యాడ చెప్పినాడమ్మా? గుండం చుట్టూ తిరిగి దండం పెట్టుకుంటే సాలు. నేను చెప్తాలే కుళ్ళాయికి" అన్నాడు.

చెప్పాడు. మా ఆయన ఇద్దరికీ మాట ఇచ్చాడు. గుండంలో దిగను, చుట్టూ తిరిగొస్తానన్నాడు. అయినా నేను అక్కడ ఉండాలనుకున్నాను. సెలవు అడిగాను. సూపరింటెండెంటు, సారీ చెప్పమన్న ఆయనే, తల ఎత్తకుండా "పీర్ల పండక్కి నీకేం మొక్కు సిస్టర్? పండగపూట కాలినవాళ్ళు వస్తారు, సీనియర్లు ఉండాలి" అన్నాడు. భర్త ఆరోగ్యం సంగతి చెప్పబోతే ఫోను ఎత్తుకున్నాడు. పండగ రోజు ఆయన మాత్రం ఆసుపత్రికి రాలేదు. బంధువుల ఇంటికి పోయాడని తర్వాత తెలిసింది.

బండల మీద తడి

ఆ పొద్దున నాలుగైదు ఊళ్ళ నుంచి కాళ్ళు కాల్చుకున్నవాళ్ళు వచ్చారు. ఒకడు అమ్మా అని అరుస్తున్నాడు, ఇంకొకడు పళ్ళు బిగబట్టుకుని ఉన్నాడు. బక్కెట్లలో చల్లని నీళ్ళు పెట్టించి అందరినీ కాళ్ళు అందులో పెట్టుకోమన్నాను. అరుస్తున్నవాళ్ళను చూస్తే నాకు భయం వేయలేదు. అరుపు వచ్చిందంటే నరం బతికే ఉందన్నమాట.

అప్పుడు మా ఆయన వచ్చాడు. కొత్త పంచె, మెడలో పూలదండ, చేతిలో పీర్ల ముందు చదివించిన చక్కెర పొట్లం. నవ్వుతూ నడిచి వచ్చాడు. వెనకే మా బావ, ఊరివాళ్ళు కొందరు.

"తీసుకోవే, సామి చక్కెర" అన్నాడు.

నేను ఆయన చేతిని చూడలేదు. మా క్యాజువాలిటీలో నేలకు నల్లబండలు పరిచి ఉంటాయి. వాకిలి నుంచి ఆయన నిలబడ్డ చోటు దాకా బండల మీద తడి అడుగులు ఉన్నాయి.

"నీళ్ళలో తొక్కినావా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "లేదే. బయట ఎవరో పోసినట్టుండారు" అన్నాడు.

మా బావ నవ్వుతూ అందుకున్నాడు. "యేం మనిషమ్మా నీ మొగుడు! అందరూ ఉరికితే ఈడు నిదానంగా నడిచినాడు. గుండం నడుమ నిలబడి చేతులెత్తి దండం పెట్టినాడు సూడు, జనం అంతా నేల మీద పడి మొక్కినారు. ఒక్క బొబ్బ లేదు. సామి వాడి మీదికొచ్చినాడు."

"కూర్చో" అన్నాను మా ఆయనతో. ఆయన నా ముఖం చూసి కూర్చున్నాడు. ఒక కాలు ఎత్తి ఒడిలో పెట్టుకున్నాను. బావ చెప్పింది నిజమే, బొబ్బ లేదు. బొబ్బలన్నీ నడకలో పగిలి నీరై కారిపోయాయి. అరికాలి చర్మం మడమ దగ్గర గుడ్డపేలికలా వేలాడుతోంది. వేళ్ళ కింద తెల్లగా ఉంది. మాంసం ఎర్రగా ఉంటే ఆశ ఉంటుంది. తెల్లగా ఉంటే లోతుగా కాలినట్టు. గుండంలో దిగాక ఊరంతా ఊరేగింపులో నడిచాడు, తర్వాత బస్సు దాకా నడిచాడు, బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా నడిచాడు.

"మాట ఇచ్చినావు గదయ్యా" అన్నాను.

"చుట్టూ తిరుగుదామనే పోయినా. అందరూ సూస్తాండారు. మా యన్న భుజం మీద చెయ్యేసినాడు" అన్నాడు. తన కాలి వైపు చూసుకున్నాడు. ఆ చర్మం తనదని ఆయనకు అప్పుడే అర్థమైంది. నొప్పి లేదు కాబట్టి కళ్ళతో చూసి నమ్మాల్సి వచ్చింది.

స్టాఫ్ మనిషి భర్త

ఆసుపత్రిలో చేర్చుకోమని అడిగాను. డ్యూటీ డాక్టరు కొత్తపిల్లవాడు, తన పై అధికారికి ఫోను చేశాడు. ఫోనులో చెప్పింది నాకు వినిపించింది. "సిస్టర్ ఉంది గదా, ఇంట్లోనే డ్రెస్సింగ్ చేసుకోమను. పండగ కేసులకు మంచాలు కావాలి." ముక్కూ ముఖం తెలియని మనిషైతే చేర్చుకునేవారు, లేదా అనంతపురానికి రాసి పంపేవారు. నర్సు భర్త కావడం వల్ల రెండూ జరగలేదు. పెద్దాసుపత్రికి రాసి పంపడం తప్పు కాదు. చూడకుండా పంపడం ఎంత తప్పో, చూడకుండా ఇంటికి పంపడం కూడా అంతే తప్పు.

ఇంట్లో రోజూ కడిగి మందు వేసి కట్టు కట్టాను. కుడి పాదం మానడం మొదలైంది. ఎడమది మొండికేసింది. డ్యూటీ తప్పించుకునే వీలు లేదు. సెలవు మళ్ళీ అడిగాను, మళ్ళీ లేదన్నారు. ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట ఉంది. లోపల మా అత్తగారి ఊరివాళ్ళు. మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను కట్టిన కట్లు విప్పి కిటికీకి వేలాడదీశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆయన పాదాలు తాకి కళ్ళకద్దుకుంటున్నారు. పుండు మీద బూడిద పూసి ఉంది. గుండంలో నుంచి ఎత్తుకొచ్చిన బూడిద.

"ఎవరు పూసినారు?"

"సామి బూడిదే గదమ్మా" అన్నాడు బావ. "నీ మందుల కంటే అదే మేలు. జనం అంత దూరం నుంచి వస్తే కట్టు కట్టుకోని కూర్చుంటాడా?"

చేతికి దొరికిన చెంబు ఎత్తాను. ఒక ముసలామె నా చేయి పట్టుకుని ఆపింది. ఆపకపోతే అది బావ తలకు తగిలేది. అందరినీ బయటికి పంపి సెలైనుతో కడిగాను. బూడిద కడిగితే పోయింది, దాంతో లోపలికి పోయింది మాత్రం పోలేదు. తర్వాత ఖాసిం సాబు కనిపించినప్పుడు, "బూడిద నేను ఇయ్యలేదమ్మా, అడగకుండా ఎత్తుకపోయినారు" అని తల దించుకున్నాడు. ఆయన ఒక్కడి మీద నాకు కోపం లేదు.

జ్వరం వచ్చింది. చిన్నవేలు నల్లబడింది. అంబులెన్సుకు ఫోను చేస్తే గుంతకల్లు వైపు పోయిందని, ఆగాలని చెప్పారు. నేను ఆగలేదు. ఆటో మాట్లాడుకుని అనంతపురం పోయాము. దారంతా మా ఆయన వణుకుతూ, "చిన్నవేలు గదా, పోతే పోనీలే" అంటూ వచ్చాడు.

అక్కడ సర్జను చిన్న వయసువాడు. కట్టు విప్పి, వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. కోపంగా తల ఎత్తి అడిగాడు.

"ఇంతవరకూ ఏం చేస్తున్నారు? ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరా?"

"ఉన్నారు. గవర్నమెంటు నర్సు ఉంది. నేనే" అన్నాను.

ఆయన సారీ చెప్పలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా అన్నారు. ఆ చూపంత లోతుగా ఏదీ దిగలేదు.

ముందు వేళ్ళు తీశారు. తర్వాత సగం పాదం. చివరికి మోకాలి కింద దాకా తీశారు. సంతకం నేనే పెట్టాను. మా బావ ఆసుపత్రికి ఒక్కసారి వచ్చాడు, అది కూడా కారిడారులో నిలబడి, "సామి నిప్పు కాల్చని కాలును నీ ఆసుపత్రి తీసుకునింది" అనడానికి. ఊళ్ళో ఇప్పటికీ కుళ్ళాయప్ప గుండం నడుమ నిలబడ్డ సంగతి చెప్పుకుంటారు. నిప్పు కాల్చలేదని చెబుతారు. కాలు పోయిన సంగతి ఆ కథలో ఉండదు.

ఇప్పుడు

కొత్త పిల్లలకు నేను చెప్పేది ఇంతే. మీ డాక్టర్లతో, మీ పై అధికారులతో, రోగి బంధువులతో తగువు పడాల్సి వస్తుంది. పడండి. మర్యాద లేని మనిషి అని పేరొస్తుంది. రానీయండి. నేను అంత తగువు పడి కూడా ఒక కాలు కాపాడలేకపోయాను. పడకపోతే రెండూ పోయేవి. మీ ఇంట్లో షుగరు రోగి ఉంటే, ఆసుపత్రిలో అందరి కాళ్ళూ చూసి ఇంటికొచ్చి అలసిపోయానని పడుకోవద్దు. రోజూ పొద్దున అరికాలు చూడండి. వాళ్ళు తిట్టినా చూడండి. నేను ఆయన కుడికాలు రోజూ వెలుతురులోకి తిప్పి చూస్తాను. "ఏమన్నా ఉండాదా?" అని అడుగుతాడు. ఇప్పుడు నవ్వడు.

మీరు చదివే పాఠాల్లో ఉంటుంది గానీ ఇంట్లో చూస్తే గానీ నమ్మబుద్ధి కాని సంగతి ఒకటి ఉంది. తీసేసిన కాలు నొస్తుంది. అది నటన కాదు, పిచ్చి కాదు. నరం తెగిన చోటు నుంచి మెదడుకు కబురు పోతూనే ఉంటుంది. రోగి నొప్పి అంటే నొప్పే. దానికి మాత్రలున్నాయి, ఒక్కోసారి పనిచేస్తాయి.

మా ఆయనకు మధ్యాహ్నం పూట వస్తుంది. అంగడి మూతపడింది, ఇంట్లోనే ఉంటాడు. మంచం మీద ఉన్నట్టుండి లేచి కూర్చుని, దుప్పటి మీద ఏమీ లేని చోటు పట్టుకుంటాడు.

"అరికాలు కాలుతాందే. నిప్పుల మీద పెట్టినట్టుండాది. వేళ్ళ సందుల్లో కూడా."

"ఆ కాలు లేదు గదయ్యా."

"లేదని నాకు తెలీదా? కాలుతాందంటే ఇనవా నువ్వు? నీళ్ళు పొయ్యే!"

నరాలు చచ్చాక ఉన్నన్ని రోజులూ, నిప్పుల నడుమ నిలబడ్డ పొద్దున కూడా, ఆ పాదానికి ఏమీ తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. మాత్ర ఇస్తాను. అది పనిచేసేదాకా ఆయన అరుస్తూనే ఉంటాడు. కుండలో నీళ్ళు ముంచి తెచ్చి, మంచం కింద గిన్నె పెట్టి, మోకాలి కింద మిగిలిన మోడు మీద సన్నగా పోస్తాను. "ఇంకా కిందికి, ఇంకా కిందికి" అంటాడు. కింద ఏమీ లేదు. గిన్నెలోకి పోస్తాను.

ఆ రోజు గుండం దగ్గర అంతమంది ఉన్నారు. ఒక్కరు కూడా ఆ కాలి మీద చెంబెడు నీళ్ళు పోయలేదు.